దుఃఖకథలు ఏల వినవలెను?

 

 

ఈ కార్తికమాసములో మూడు దినములుగా మనము ఈ సన్నిధిలో పురాణశ్రవణము చేయుచున్నాము. నేడు చెప్పవలసిన కథను నేను ముందుగనే నిశ్చయించుకొని యుంటిని. కాని నిన్న సాయంకాలము ప్రవచనము ముగిసి, హారతి అయిన పిమ్మట ఒక తల్లి నా కడకు వచ్చి ఒక ప్రశ్న వేసినది. రాత్రి చాలసేపు ఆ ప్రశ్నయే నా మనస్సులో తిరిగినది. అందుచేత అనుకొన్న కథను ప్రక్కన పెట్టి, ఆమెకు ఈయవలసిన సమాధానమును మీ అందరి యెదుట చెప్పుచున్నాను. ఆమె అనుమతి తీసికొనియే చెప్పుచున్నాను. ఆమె ఎవరో ఎవరును విచారింపవలదు.

ఆమెకు ఒక్కడే కుమారుడు. చేతికి అందివచ్చిన పిల్లవాడు రహదారి ప్రమాదములో పోయినాడు. ఏడాది దాటినది. ఆమె అన్న మాటలు ఇవి: "గురువుగారూ, అందరూ నన్ను సుందరకాండ చదువుకోమన్నారండి. చదివాను. కళ్ళు అక్షరాల మీద ఉంటాయి, మనసు ఉండదు. ఒకనాడు భారతంలో అభిమన్యుడు పడిపోయిన ఘట్టం తీశాను. సుభద్ర ఏడుస్తూంటే నేనూ ఏడ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. అప్పటి నుంచి రోజూ అదే చదువుతున్నాను. ఇంట్లో అశుభం చదువుతున్నావని మా వాళ్ళు కోప్పడుతున్నారు. చావు కథలో నాకు ఊరట దొరుకుతోందంటే నా బుద్ధి చెడిపోయిందా అండీ? ఇది దోషమా?"

మహాజనులారా! ఇది ఆమె ఒక్కతె ప్రశ్న కాదు. శుభము కోరి కోవెలకు వచ్చువారము మనము. అట్టి మనకు పెద్దలు ఇచ్చిన గ్రంథములలో ఇంత రక్తము, ఇంత రోదనము ఏల? వానిని వినినపుడు గుండె బరువెక్కుటకు మారుగా తేలికపడుట ఏల? నేటి పిల్లలు చదువుకొను కథలలోను చావులు, ఆకలి, క్రౌర్యము నిండి యున్నవి. అవి చదువదగినవా, కావా? ఈ మూడును ఒకే ప్రశ్నకు మూడు కొమ్మలు.

మొదట మన సింహాద్రినాథుని తలచుకొందము. ఈ ఉత్తరాంధ్రదేశములో ఆ స్వామి పేరు పెట్టుకొనని వంశము అరుదు. ప్రతి యింట ఒక అప్పన్న, ఒక సింహాచలము ఉందురు. ఆ స్వామి ఎవరు? తండ్రి కన్నకొడుకును చంపబోగా, ఆ తండ్రి పొట్ట చీల్చిన నృసింహుడు. ఆ కథను ఎవరైనను కొత్తగా వ్రాసికొని వచ్చినచో, ఇది పిల్లలు వినదగినది కాదని మనమే అందుము. కాని తరతరములుగా దానిని మన పిల్లలకు నిద్రపుచ్చుచు చెప్పినాము. ఆ స్వామిని ఏడాది పొడుగునను చందనముతో కప్పి యుంచుదురు. వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయనాడు మాత్రమే, చందనము ఒలిచి నిజరూపమును చూపుదురు. ఆ ఒక్క దర్శనమునకై లక్షలాది జనులు ఎండలో నిలుచుందురు. మిగిలిన దినములలో చల్లని చందనమే కదా మనము చూచునది! ఉగ్రమూర్తి లోపల ఉన్నాడు, పైన చందనమున్నది. లోపల ఉన్నవాడు లేనిచో ఆ చందనము ఉత్త గంధపుముద్ద. చందనము లేనిచో ఆ ఉగ్రతను నిత్యమును తాళలేము. ఈ పోలికను మనస్సులో ఉంచుకొనుడు. కావ్యమనునది ఏమి చేయునో దీనివలన తెలియును.

ఆదికావ్యము ఎట్లు పుట్టినది? తమసాతీరమున ఒక బోయవాడు క్రౌంచపక్షుల జంటలో మగదానిని కొట్టినాడు. నెత్తురులో పొరలుచున్న దానిని చూచి ఆడుపక్షి అరచినది. ఆ అరపు విన్న ముని నోట శోకము శ్లోకరూపమున వెలువడినది. రామాయణమునకు మొదటి అక్షరము ఒక హత్య యెదుట పుట్టినదన్నమాట. వాల్మీకి ఆ దృశ్యమును చూచి మొగము త్రిప్పికొని స్నానమునకు పోయి యున్నచో మనకు రామకథ దక్కెడిది కాదు. ఆయన చూచినాడు, చూచినదానికి ఛందస్సు నిచ్చినాడు. అరపు అరపుగానే ఉన్నచో చెవి మూసికొందుము. అదే లయలో ఒదిగినచో చెవి యొగ్గి వినగలము.

భారతము మాట చెప్పనక్కరలేదు. పదునెనిమిది అక్షౌహిణులు, పదునెనిమిది దినములు. తుదకు పాండవపక్షమున ఐదుగురు అన్నదమ్ములు, కృష్ణుడు, సాత్యకి. అటువైపు అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. నిద్రించుచున్న పిల్లలను చంపిన సౌప్తికపర్వము, దాని వెంటనే స్త్రీపర్వము. గాంధారి రణభూమిలో నిలిచి ఒక్కొక్క కళేబరమును కృష్ణునకు చూపుచు ఏడ్చును. వ్యాసుడు ఆ ఏడ్పునకు ఒక పర్వమునే కేటాయించినాడు. గెలిచినవారి పట్టాభిషేకమునకు ముందు ఓడినవారి తల్లుల ఏడ్పు వినక తప్పదని ఆయన చేసిన ఏర్పాటది. ఆనందవర్ధనుడు ఇంత సంహారమును పరిశీలించి, భారతమునందు ప్రధానరసము వీరము కాదు, శాంతమని నిర్ణయించినాడు. రామాయణమునకు కరుణమే అంగిరసమని చెప్పినాడు. కాశ్మీరమున సుమారు వెయ్యిన్నూరు ఏండ్ల క్రిందట వెలువడిన నిర్ణయమది.

ఇక ఆ తల్లి ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పు ఘట్టము అరణ్యపర్వమున కలదు. జూదములో సర్వము పోగొట్టుకొని ధర్మరాజు అడవిలో ఉన్నాడు. అర్జునుడు అస్త్రములకై దూరమేగినాడు. అపుడు బృహదశ్వమహర్షి వచ్చినాడు. ధర్మరాజు ఆయనను అడిగినదేమి? నావలె కష్టపడిన రాజును ఎవరినైనను మీరు చూచితిరా, వింటిరా అని. మహర్షి ఏమి చేయవలెను? మంచి రోజులు వచ్చునని ధైర్యము చెప్పవచ్చును. ఒక మంత్రము ఉపదేశింపవచ్చును. ఆయన మొదట చేసినది అది కాదు, నలుని కథ చెప్పినాడు. జూదమున రాజ్యము పోగొట్టుకొని, కట్టుబట్ట సైతము పక్షులపాలై, అర్ధరాత్రి భార్యను అడవిలో విడిచిపోయిన వాని కథ. నీకు తమ్ములున్నారు, నీ చుట్టును బ్రాహ్మణులున్నారు, అతనికి ఎవరును లేరని జ్ఞాపకము చేసినాడు. అటుపిమ్మట సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకొనిపోయిన అవమానము జరిగినపుడు మార్కండేయుడు వచ్చి, భార్యను పోగొట్టుకొన్న రాముని కథ చెప్పినాడు. చూచితిరా! ఏ గాయమున్నదో ఆ గాయమునకు సరిపడిన కథనే చెప్పినారు. ఏడ్చువానికి ఏడ్పుకథ చెప్పుట మన మహర్షుల వైద్యము. కనుక, అమ్మా, నీవు చేసినది దోషము కాదు. బృహదశ్వుడు చేయదగిన వైద్యమును నీకు నీవే చేసికొన్నావు.

అయినను పండితులు ఊరకుండరు. దుఃఖము దుఃఖమే కదా, దానినుండి సుఖమెట్లు పుట్టునని ప్రశ్నించినారు. మన పొరుగు ఉత్కళదేశమున పదునాలుగవ శతాబ్దిలో విశ్వనాథకవిరాజు ఉండెను. ఆయన సాహిత్యదర్పణములో చెప్పిన సమాధానమును నా మాటలలో చెప్పెదను. కరుణరసము దుఃఖమే యైనచో దానికై ఎవడును పోడు, రామాయణము వినుటకు ఇందరు చేరరు. సహృదయుల అనుభవమే దీనికి ప్రమాణము. మరి కన్నీరు ఏల వచ్చునన్నచో, మనస్సు ద్రవించుటచేత వచ్చును. లక్క కరిగినపుడు ముద్ర వేయవచ్చును, గట్టిగా ఉన్నపుడు వేసినచో విరుగును. మనస్సును అంతే.

దీనిని అంగీకరింపని వారును ఉన్నారు. గుజరాత్ దేశమున పన్నెండవ శతాబ్దిలో హేమచంద్రుని శిష్యులు రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణము వ్రాసిరి. కరుణము, భయానకము మొదలగునవి దుఃఖరూపములే అని వారి వాదము. సీతను ఈడ్చుకొనిపోవు దృశ్యము చూచి ఆనందపడుదుమనుట సరికాదు. కవి నేర్పు, నటుని నేర్పు మనలను అక్కడ కూర్చుండబెట్టును. కారము తగిలిన పానకములో తీపి మరింత రుచించినట్లు దుఃఖము తగిలి సుఖము రుచించునని వారనిరి. శ్రీరామనవమినాడు మన రామతీర్థములో పానకము త్రాగినవారికి ఈ వాదము వెంటనే బోధపడును. మిరియము లేని పానకము వట్టి బెల్లపునీరు. నా మట్టుకు నాకు, ఈ ఇరువురిలో ఎవరు సరియనుట కంటె, ఇరువురును ఒప్పుకొన్న అంశము ముఖ్యము. ఆ కథను విడిచి ఎవరును లేచిపోవుట లేదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమును ఇక్కడ చేర్చుకొనవలెను. కథలోని శోకము సుభద్రది కాదు, నాది కాదు, నా పొరుగువానిది కాదు, అందరిదియు అగును. నాది మాత్రమే అయిన దుఃఖమును మోయలేను. అందరిదియు అయినపుడు పదుగురు భుజము పట్టిన పల్లకివలె అది కదలును.

ఇది గ్రంథములలోని మాట మాత్రమే కాదు. నేను వేదపాఠశాలలో విద్యార్థిగా ఉన్నపుడు, సంత చెప్పుకొని రాత్రి నిద్రింపవలసిన వేళ, ఒకటి రెండుసార్లు గురువుగారికి తెలియకుండ ఊరిలో జముకులకథ వినుటకు పోయితిమి. ఆనాడు చెప్పినది బొబ్బిలి కథ. 1757 జనవరి 24వ తేదీన జరిగిన ఆ యుద్ధము మీకందరకు తెలియును. ఒకవైపు విజయనగరము, ఫ్రెంచి సేనాని బుస్సీ. మరొకవైపు బొబ్బిలి కోట. కోట నిలువదని తెలిసినపుడు లోపలివారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని, తామును పోరాడి పడిపోయిరి. తరువాత తాండ్ర పాపయ్య రాత్రివేళ గుడారములో దూరి విజయరామరాజును చంపి తానును మరణించెను. ఆ మంటలలో రంగారావుగారి కుమారుడు, ఒక పసివాడు, బ్రతికి బయటపడెను. ఆ వంశము నిలిచినది.

ఆ రాత్రి జముకు మ్రోగుచుండగా చుట్టుప్రక్కల కూలిజనము, ఆడవారు, ముసలివారు కూర్చుండి వెక్కివెక్కి ఏడ్చిరి. వారిలో బొబ్బిలివైపు వారున్నారు, విజయనగరమువైపు వారున్నారు. ఎవరి చావునకు ఎవరు ఏడ్చుచున్నారో తెలియలేదు. తెల్లవారి అదే ఆడవారు ఉడుపులకు పోవుచు, ఆ కథలోని పాటనే పాడుకొనుచు పోయిరి. నాకు ఆశ్చర్యమైనది. గురువుగారు విషయము తెలిసి మందలించిరి కాని, తరువాత ఒక మాట అనిరి: "ఆ ఏడ్పులో వారు తమ చచ్చిపోయిన వారికి కూడ నీళ్ళు వదిలినార్రా. మనకు తర్పణము చేయుటకు మంత్రమున్నది. వారికి ఆ కథ ఉన్నది." అరువది యేండ్ల తరువాతను ఆ మాట నేను మరువలేదు.

విజయనగరమున పైడితల్లి అమ్మవారిని తలచుకొనుడు. ఆమె విజయరామరాజు చెల్లెలనియు, అన్న మరణవార్త విని పెద్దచెరువులో ప్రాణము విడిచినదనియు పెద్దలు చెప్పుదురు. ఒక ఆడుబిడ్డ దుఃఖమును ఈ ఊరు మరచిపోలేదు, దేవతను చేసి కొలుచుచున్నది. విజయదశమి వెళ్ళిన మంగళవారమునాడు సిరిమాను ఊరేగునపుడు వీథులు పట్టని జనము చేతులు జోడించుచున్నది ఒక యుద్ధము మిగిల్చిన దుఃఖమునకే.

ఇంతవరకు నేను చెప్పినదంతయు మీకు సమ్మతమే అగును. ఇక నా తప్పిదమును ఒకదానిని చెప్పవలసియున్నది. మా మనుమరాలు కళాశాలలో చదువుకొనుచున్నది. ఒకనాడు ఆమె చేతిలో ఒక కథలపుస్తకము చూచితిని. "యజ్ఞం" అను కథ. వ్రాసినవారు కాళీపట్నం రామారావు మాస్టారు. మన శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టిరి, 2021లో శ్రీకాకుళములోనే కన్నుమూసిరి. "యజ్ఞంతో తొమ్మిది" అను సంపుటమునకు 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. తెలుగుకథలన్నిటిని ఒకచోట చేర్చవలెనని 1997లో శ్రీకాకుళములో కథానిలయము స్థాపించినవారును ఆయనయే. కథలో ఏమున్నదని అడిగితిని. ఒక తండ్రి తన పసిబిడ్డను చంపును అని ఆమె చెప్పినది. నాకు పట్టరాని కోపము వచ్చినది. "శిశుహత్యకు యజ్ఞమని పేరా? ఇట్టివి ఇంట చదువరాదు" అంటిని. ఆమె ఎదురు చెప్పలేదు. పుస్తకము నా పీటమీద పెట్టి, "తాతయ్యా, మీరు ఒకసారి చదివి అప్పుడు చెప్పండి" అని పోయినది. చదువకుండ తీర్పు చెప్పుట శాస్త్రము నేర్చినవాని పని కాదు. సిగ్గుపడి చదివితిని.

ఒక పల్లె. ఒక పేద దళిత కుటుంబము మీద పాత అప్పు. ఊరి పెద్దలు కూర్చుండి ధర్మము, మాట, ఋణము అని అందముగా మాట్లాడుదురు. చదువుచుండగా నేనును తల ఊపితిని. అప్పు తీర్చుట ధర్మమే కదా అనుకొంటిని. ముసలివాడు అప్పలరాముడు భూమి వదులుకొనియైనను మాట నిలుపుకొనుటకు ఒప్పుకొనును. భూమి పోయినచో ఆ కుటుంబమునకు మిగులునది పాలేరుతనము. అపుడు అతని కుమారుడు, తన బిడ్డ ఆ బానిసత్వములోనికి ఎదుగరాదని, ఆ బిడ్డను తన చేతులతోనే నరికివేయును. అంతటితో కథ ముగియును. ఓదార్పు మాట ఒక్కటియు లేదు. దేవుడు రాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అంతవరకు తల ఊపిన నా తలయే నాకు బరువైనది.

తెల్లవారుజామున ఏదో జ్ఞాపకము వచ్చి లేచి కూర్చుంటిని. ఐతరేయబ్రాహ్మణమున శునశ్శేపుని ఆఖ్యానము. మాది కృష్ణయజుశ్శాఖయైనను ఋగ్వేదుల నోట దానిని ఎన్నిమారులో వింటిని. హరిశ్చంద్రునకు కుమారుడు కలుగును. వానిని వరుణునకు యజింతునని మాట ఇచ్చి, రాజు వాయిదాలు వేయును. కొడుకు రోహితుడు అడవికి పోవును. రాజునకు వరుణుని వలన ఉదరవ్యాధి వచ్చును. అడవిలో రోహితునకు అజీగర్తుడను బ్రాహ్మణుడు కనబడును. ఆకలితో మాడుచున్నాడు. ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి ఈయనన్నాడు, చిన్నవానిని తల్లి ఈయనన్నది. నడిమివాడు శునశ్శేపుడు మిగిలినాడు. నూరు గోవులకు వానిని అమ్మినారు. యూపమునకు కట్టుటకు ఎవడును ముందుకు రాలేదు. తండ్రియే మరి నూరు గోవులు పుచ్చుకొని కట్టినాడు. వధించుటకు ఎవడును రాలేదు. తండ్రియే మరి నూరు గోవులు పుచ్చుకొని కత్తి నూరుకొనుచు వచ్చినాడు.

మహాజనులారా! మన వేదములోని మాట ఇది. ఆకలిగొన్న తండ్రి, యజ్ఞము, తన బిడ్డమీద తానే ఎత్తిన కత్తి! మురపాక మాస్టారి కథకు ఆ పేరు ఏల వచ్చినదో ఆయన ఉద్దేశము నాకు తెలియదు. కాని ఆ పేరును నేను అపచారమని తిట్టినపుడు, నా వేదమునే నేను మరచితినని మాత్రము తెలిసినది. ఈ ఆఖ్యానమును ఎన్నడు చదువుదురో తెలియునా? రాజసూయములో, రాజునకు అభిషేకమైన పిమ్మట. హోత బంగారు ఆసనము మీద కూర్చుండి చెప్పును. అధ్వర్యుడు మరొక బంగారు ఆసనము మీద కూర్చుండి, ఋక్కునకు "ఓం" అనియు, గాథకు "తథా" అనియు పలుకును. ఓంకారము దేవతలది, తథా అనుట మనుష్యులదియని బ్రాహ్మణమే చెప్పినది. పుత్రులను కోరువారును దీనిని వినవలెనని విధించినది. పట్టాభిషేకమంత శుభకార్యము లేదు కదా! ఆ శుభవేళ, కొత్తగా రాజైనవాని చెవిలో, అమ్ముడుపోయిన బిడ్డ కథ వేయవలెనని వేదము నియమించినది. అధికారము చేతికి వచ్చినవాడు మొదట వినవలసినది కట్లలో ఉన్నవాని మొర. అశుభమని చెవులు మూసికొనుటకు వేదము ఒప్పలేదు.

శునశ్శేపునకు దేవతలు పలికిరి. ఒక్కొక్క దేవతను స్తుతించుచు తుదకు ఉషస్సును స్తుతించుచుండగా, ఒక్కొక్క ఋక్కుతో ఒక్కొక్క కట్టు ఊడినది. రాజు వ్యాధియు తగ్గినది. విశ్వామిత్రుడు వానిని కొడుకుగా స్వీకరించినాడు. మాస్టారి కథలో ఏ కట్టును ఊడదు. మరి అట్టిదానిలో ఊరట ఎక్కడ? నేను చాలదినములు ఆలోచించితిని. నాకు తోచినది ఇది. వేదాఖ్యానములో త్రాడు విప్పినవారు దేవతలు. ఈ కథలో త్రాడు విప్పబడక, చదివినవాని చేతిలో మిగిలిపోవును. ఇక విప్పవలసినది నీవే అని ఆ కథ మాట్లాడక చెప్పును. 1976లో వెట్టిచాకిరిని నిషేధించు చట్టము వచ్చినది. చట్టమునకు ముందు ఎందరి మనస్సులో కరగవలసి యుండెను! ఆ బిడ్డ మరణమును ఒకరు చూచినారు, లెక్కలోనికి తెచ్చినారు. ఎవరును చూడని చావు కంటె ఘోరము లేదు. చూచి చెప్పినవాడు ఒక్కడున్నను ఆ ప్రాణి అనాథ కాదు. అదియే దానిలోని సౌందర్యము, అదియే ఊరట.

ఆ తరువాత మరికొన్ని చదివితిని. విజయనగరము చాసోగారి "వాయులీనం" చదివితిని. జబ్బుపడిన భార్య వైద్యమునకై ఆమె వాయులీనమునే అమ్ముకొనవలసి వచ్చిన కథ. ద్వారం వేంకటస్వామినాయుడుగారు సంగీతకళాశాలలో ఆ వాద్యమును బోధించిన ఊరిలో ఉండి వ్రాసిన కథ అది. ఎవరును చావరు, నెత్తురు కారదు. అయినను గుండె పిండును. గురజాడవారి పూర్ణమ్మ గేయమును చిన్ననాడు వినియే యుంటిని. ఈమారు విన్నపుడు వేరుగా వినబడినది. ఆ బిడ్డ ఎవరి కూతురు? పూజారి కూతురు. నావంటి వాని ఇంటి పిల్ల. ముసలివానికి ఆమెను అమ్మినారు. ఆమె దుర్గగుడికి పోయి మరి తిరిగి రాలేదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కము పీఠికలో గురజాడవారు ఒక లెక్క వ్రాసిరి. విజయనగర మహారాజావారు తయారు చేయించిన పట్టికలో, ఒక్క విశాఖపట్టణము జిల్లాలో, మూడేండ్లలో, బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహములు 1034. అజీగర్తుడు ఎక్కడో అడవిలో లేడు. మా వీథులలోనే ఉండెను. ఆ లెక్క చదివి కళ్ళు చెమర్చినవారు కొందరే యుందురు. పూర్ణమ్మ పాట విని ఏడ్వని ఆడుబిడ్డ లేదు. ఆ కన్నీటిలోనే ఆ దురాచారము నానినది, మెత్తబడినది, తెగినది.

అట్లని రక్తము కనబడిన ప్రతి కథయు మంచిదని నేను చెప్పుట లేదు. విచక్షణ ఉండవలెను. కథ వినిన తరువాత నీకు దెబ్బ తిన్నవాని మీద జాలి కలిగినదా, కొట్టినవాని చేతి మీద మోజు కలిగినదా? ఇది మొదట చూచుకొనవలెను. తల తెగినపుడు ఈల వేయించు కథ వేరు, తల వంచుకొనునట్లు చేయు కథ వేరు. నరసింహుని చూచి ప్రహ్లాదుని తలచుకొనవలెను గాని గోళ్ళు పెంచుకొనరాదు. రెండవది, కాలము, పాత్రత చూడవలెను. పసిపిల్లలకు, గర్భవతులకు, నిన్ననే పోగొట్టుకొన్నవారికి బలవంతముగ ఇట్టివి వినిపింపరాదు. వారే కోరినపుడు మాత్రము అడ్డుపడరాదు. మూడవది మరి ముఖ్యము. కథ విన్న పిమ్మట మనస్సు తేలికపడక, నానాటికి క్రుంగి, ఇక బ్రతుకు వలదు అను మాట ఎవరి నోటనైనను వచ్చినచో, అపుడు పుస్తకము చాలదు. వారిని ఒంటరిగా విడువక ప్రక్కన కూర్చుండవలెను, వైద్యుని కడకు తీసికొని పోవలెను. బృహదశ్వుడు కథ చెప్పి వదలలేదు, ధర్మరాజునకు అక్షహృదయమును కూడ ఉపదేశించి పోయినాడు. మాటతోపాటు సాయమును ఉండవలెను.

ఇక ఆ తల్లి యింటివారికి ఒక మాట. అయ్యా! ఆమె చేతిలోని పర్వమును లాగికొనవలదు. సుభద్ర ఏడ్చిన ఇంట అశుభము ప్రవేశింపదు, కృష్ణుడు ప్రవేశించును. ఆమె ఒంటరిగా చదువుకొనుచున్నదే, అదియొక్కటియే అక్కడ లోపము. రేపు సాయంకాలమునుండి మీరును ప్రక్కన కూర్చుండి వినుడు. ఆ పిల్లవాడు మీకును బిడ్డయే కదా! మీరును ఏడువలేక దాచుకొన్న ఏడ్పు ఒకటి ఉండును. అందరును కలిసి ఏడ్చినచో ఆమె బరువులో కొంత మీ భుజము మీదికి వచ్చును. నేడు ఉదయము ఆమె మామగారు నా కడకు వచ్చి, ఆ ఘట్టమును తాము చదివి వినిపించెదమని చెప్పిరి. ఈ ప్రవచనమునకు నాకు అంతకు మించిన సంభావన వలదు.

అమ్మా! ఏదో ఒకనాడు, నీ అంతట నీకే, పుట తిరుగును. అభిమన్యుడు పోయిన తరువాత ఉత్తర కడుపున ఉన్న బిడ్డ కథ వచ్చును. తొందర లేదు. ఎవరును నిన్ను ఆ పుటకు త్రోయరాదు. చందనము ఒక్కనాడు పూయరు. ఆ స్వామికిని విడతలు విడతలుగానే సమర్పింతురు. నీ దుఃఖము మీదను ఆ సింహాద్రినాథుడు కొంచెము కొంచెముగా తన చందనమును పూయుగాక.

ఈ సన్నిధిలో కూర్చున్న మీ అందరకు, దుఃఖితుల మొర వినగల చెవిని, వినిన పిమ్మట త్రాడు విప్పగల చేతిని ఆ స్వామి అనుగ్రహించుగాక!

స్వస్తి. ఓం శాంతిః శాంతిః శాంతిః.